తూకంలో లేని తరుగు: జావాస్క్రిప్ట్ గణిత ఫంక్షన్లు ఎవరి వైపు మొగ్గుతాయి

చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి కాయ దిగే రోజుల్లో, మండీలో చేతికి వచ్చే ఒక తూకపు చీటీని ఊహించుకుందాం. రైతు తెచ్చిన కాయ 4.35 క్వింటాళ్లు. చీటీ కొట్టే కంప్యూటర్ దాన్ని కిలోల్లోకి మార్చాలి. క్వింటాలుకు వంద కిలోలు కాబట్టి ప్రోగ్రాం రాసినవారు 4.35ను 100తో గుణించారు. కిలోకు తక్కువైన చిల్లర ఏమైనా మిగిలితే వదిలేద్దామని, సంఖ్యను కింది పూర్ణసంఖ్యకు దించే మ్యాథ్.ఫ్లోర్ అనే తయారు ఫంక్షన్ తగిలించారు. చీటీ మీద 434 కిలోలు అని పడింది. కాటా సరిగ్గానే చూపింది, తరుగు ఎవరూ తీయలేదు, అయినా ఒక కిలో తగ్గింది.

ఆ కిలో పోయింది గుణకారంలో. ఆ ప్రోగ్రాం రాసింది బ్రౌజర్లలో నడిచే జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో. అందులో 4.35ను 100తో గుణిస్తే వచ్చేది 434.99999999999994. కంప్యూటర్ సంఖ్యలను సున్నాలు, ఒకట్లతోనే రాసుకుంటుంది. మూడో వంతును మనం 0.3333 అంటూ ఎంత దూరం రాసినా ఎలా తెగదో, 4.35 కూడా ఆ రాతలో అలాగే తెగదు. 64 బిట్ల జాగాలో పట్టే అతి దగ్గరి విలువకు సవరించి సరిపెడతారు. వెంట్రుకవాసి కన్నా ఎన్నో రెట్లు సన్నని ఆ తేడాను ఫ్లోర్ నిండు కిలోగా మార్చేసింది. అదే చోట దగ్గరి పూర్ణసంఖ్యకు జరిపే మ్యాథ్.రౌండ్ ఉంటే 435 వచ్చేది. విచిత్రం ఏమిటంటే, ఇదే 4.35ను 1000తో గుణిస్తే కచ్చితంగా 4350 వస్తుంది. అంటే టన్నుల్లో లెక్క సరిచూసినవారికి ప్రోగ్రాం నిక్షేపంగా కనిపిస్తుంది, క్వింటాళ్లలో అమ్మిన రైతుకు మాత్రం కిలో తెగుతుంది. 1.15 క్వింటాళ్లదీ అదే కథ: 115కు బదులు 114.

మ్యాథ్ ఫంక్షన్లను పాఠాల్లో సాధారణంగా పట్టికలాగా నేర్పుతారు. పేరు, ఎదురుగా అది చేసే పని, పక్కన ఒక ఉదాహరణ. అలా నేర్చుకుంటే పేర్లు నోటికి వస్తాయి. కానీ కిందికి దించే ఫ్లోర్, పైకి జరిపే సీల్, దగ్గరికి జరిపే రౌండ్‌లలో ఒకదాన్ని ఎంచుకున్నామంటే, మిగిలిన చిల్లరను ఎవరి పద్దులో వేయాలో తేల్చేశామన్నమాట. ఆ తీర్పు ఇచ్చేది ప్రోగ్రాం రాసే మనిషే, చాలాసార్లు తాను తీర్పు ఇస్తున్నానని తెలియకుండానే.

జావాస్క్రిప్ట్‌ను బ్రెండన్ ఐక్ 1995లో నెట్‌స్కేప్ సంస్థలో పది రోజుల్లో తయారుచేశారు. అప్పట్లో జోరు మీదున్న జావా నుంచి కొన్ని వస్తువులు అరువు తెచ్చుకున్నారు, వాటిలో మ్యాథ్ ఒకటి. దాన్ని కొత్తగా సృష్టించుకోవాల్సిన పని లేదు. సృష్టించబోతే భాష తప్పు అంటుంది కూడా. పనిముట్ల పెట్టెలాగా ఎప్పుడూ అక్కడే ఉంటుంది, కావలసిన పనిముట్టును చుక్క పెట్టి పిలవడమే. పేరులో మొదటి అక్షరం ఇంగ్లీషు పెద్దబడిలో (క్యాపిటల్) ఉండాలి, చిన్నబడిలో రాస్తే అలాంటిదేదీ లేదంటుంది. ఈ భాషకు 2015లో వచ్చిన ప్రమాణంలో ట్రంక్, సైన్ గుర్తు చెప్పేది, ఘనమూలం, హైపాట్, పది ఆధారంగా లాగరిథమ్ వంటివి ఇందులోకి చేరాయి.

సంఖ్యను సరిచేసే నాలుగు ఫంక్షన్ల తేడా తిరుపతి వారికి మెట్ల మీద చూపిస్తే తేలిక. అలిపిరి కాలిబాటలో 3,550 మెట్లు ఉన్నాయంటారు. ఒక కాలు వెయ్యో మెట్టు మీద, రెండో కాలు గాలిలో ఉన్న భక్తుడు ఎక్కడున్నట్టు? ఎక్కేసిన మెట్టు లెక్కపెడితే ఫ్లోర్. ఎక్కబోయే మెట్టు లెక్కపెడితే సీల్. కాలు ఏ మెట్టుకు దగ్గరగా ఉంటే ఆ మెట్టు అంటే రౌండ్. నేలకు పైన ఉన్నంతసేపు ట్రంక్‌కూ ఫ్లోర్‌కూ తేడా తెలియదు. తేడా తెలియాలంటే కొండ కింద కపిలతీర్థం కోనేట్లోకి దిగాలి. గట్టు సున్నా అయితే నీళ్ల వైపు దిగే మెట్లు మైనస్‌లో ఉంటాయి. మైనస్ 4.5 దగ్గర నిలబడితే ఫ్లోర్ ఎప్పటిలాగే కిందికి చూసి మైనస్ 5 అంటుంది. ట్రంక్ చుక్క తర్వాతి అంకెలు తుడిచేసి మైనస్ 4 అంటుంది, అంటే గట్టు వైపు జరుగుతుంది. సీల్ కూడా మైనస్ 4 అనే చెబుతుంది, అయితే పైకి చూడటం దాని స్వభావం కాబట్టి.

సీల్ వాడాల్సిన చోట రౌండ్ వాడితే మనుషులు రోడ్డు మీద మిగిలిపోతారు. చంద్రగిరి కోటకు 120 మంది పిల్లలను 50 సీట్ల బస్సుల్లో తీసుకెళ్లాలంటే భాగహారం 2.4 చూపుతుంది. రౌండ్ రెండు బస్సులు చాలంటుంది. మిగిలిన 20 మంది సంగతి దానికి పట్టదు.

రౌండ్ విషయంలో ఇంకాస్త ఆగాలి. 2.5ను అది 3 చేస్తుంది. మైనస్ 2.5ను మైనస్ 2 చేస్తుంది, మైనస్ 3 చేయదు. సరిగ్గా సగం దగ్గర ఎప్పుడూ పెద్ద సంఖ్య వైపు, అంటే పైమెట్టు వైపు జరగడం దాని నియమం. జమలు మాత్రమే ఉన్న పద్దులో ఇది కనిపించదు. జమలూ ఖర్చులూ ఒకే వరుసలో ప్లస్, మైనస్‌లుగా రాసుకునే పద్దులో మాత్రం రెండు వైపులా ఒకే న్యాయం జరగదు. రావలసిన రెండున్నర మూడవుతుంది, ఇవ్వవలసిన రెండున్నర రెండవుతుంది.

దీనికి మన చట్టంతోనే పేచీ వస్తుంది. 2017 నాటి కేంద్ర జీఎస్టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం పన్ను మొత్తాన్ని దగ్గరి రూపాయికి సవరించాలి. 50 పైసలు, ఆపైన ఉంటే రూపాయి చేయాలి, అంతకు తక్కువైతే వదిలేయాలి. కట్టాల్సిన పన్నుకూ తిరిగి రావాల్సిన రీఫండుకూ ఇదే నియమం. రీఫండును మైనస్ 2.50గా దాచుకుని మ్యాథ్.రౌండ్‌కు అప్పగించిన ప్రోగ్రాం 2 రూపాయలు చూపుతుంది, చట్టం 3 అంటుంది. ఇదే భాషలో సంఖ్యను తెరపై చూపడానికి వాడే టుఫిక్స్‌డ్‌కు మైనస్ 2.5 ఇస్తే మైనస్ 3 వస్తుంది, ఎందుకంటే అది గుర్తును ముందే పక్కన పెట్టి, సంఖ్యను సవరించి, గుర్తును మళ్లీ అతికిస్తుంది. తెర మీద ఒకటి, లెక్కలో ఒకటి. ఆడిటర్ ముందు కూర్చున్న గుమాస్తాకు ఈ వివరణ ఇవ్వడం అంత సులువేమీ కాదు. సరైన దారి, మ్యాథ్.ఏబీఎస్‌తో సంఖ్య నుంచి గుర్తును విడదీసి, రౌండ్‌తో సవరించి, మ్యాథ్.సైన్ చెప్పిన గుర్తును తిరిగి తగిలించడం. ఇక్కడో ఉచ్చు ఉంది. గుర్తు చెప్పే సైన్ వేరు, త్రికోణమితిలోని సైన్ వేరు. పలకడానికి ఒకటే, ఇంగ్లీషు అక్షరాలు మాత్రం తేడా.

పాల కేంద్రం లెక్క ఇంకొంచెం సూక్ష్మం. వెన్న శాతం యంత్రం రెండు దశాంశాల దాకా చూపుతుందనీ, బిల్లు ఒక దశాంశానికే కడతారనీ అనుకుందాం. పదితో గుణించి, ఫ్లోర్ చేసి, పదితో భాగిస్తే 4.25 కాస్తా 4.2 అవుతుంది. రౌండ్ అయితే 4.3. చివరి అంకె సున్నా నుంచి తొమ్మిది దాకా ఏదైనా సమానంగా రావచ్చు కాబట్టి, ఫ్లోర్ ప్రతి కొలతలో సగటున 0.045 కోస్తుంది. రోజుకు రెండు పూటలు, నెలకు 60 కొలతలు. మొత్తం 2.7 పాయింట్లు రైతు పద్దులోంచి జారిపోతాయి. రౌండ్ వాడితే తేడా అటు నుంచి ఇటు తిరుగుతుంది. 1 నుంచి 4 దాకా అంకెలు తగ్గుతాయి, 6 నుంచి 9 దాకా పెరుగుతాయి, ఇవి ఒకదానికొకటి చెల్లు. 5 మాత్రం ఎప్పుడూ పెరుగుతుంది. దానివల్ల సగటున 0.005, నెలకు 0.3 పాయింటు రైతు వైపు మొగ్గుతుంది. ఈ మొగ్గు కూడా వద్దనుకునే బ్యాంకు లెక్కల వారు, సరిగ్గా సగం వచ్చినప్పుడు దగ్గరి సరిసంఖ్యకు జరుపుతారు: 42.5 అయితే 42, 43.5 అయితే 44. మ్యాథ్‌లో దానికి తయారు ఫంక్షన్ లేదు, సొంతంగా రాసుకోవాలి. పాల లెక్కలో ఆ 0.3 పాయింటును రైతుకే వదిలేయడం మేలని ఈ వ్యాసం అభిప్రాయం.

మరి మామిడి చీటీకి మందు? ఫ్లోర్ స్థానంలో రౌండ్ పెడితే ఆ పూటకు గడుస్తుంది. అసలు మందు మాత్రం చిన్న ప్రమాణంలో, పూర్ణసంఖ్యల్లో లెక్క నడపడం. కాటా కిలోల్లో చూపితే కిలోల్లోనే దాచాలి, క్వింటాళ్లు చీటీ మీద చూపడానికి మాత్రమే. డబ్బయితే పైసల్లో. పూర్ణసంఖ్యలు 9,00,71,99,25,47,40,991 దాకా జావాస్క్రిప్ట్‌లో పొల్లు పోకుండా నిలుస్తాయి, ఏ మండీకైనా అది చాలు. అయితే వేగం పేరుతో కొందరు ట్రంక్‌కు బదులు రెండు టిల్డె (~) గుర్తులు పెట్టే చిట్కా వాడతారు. ఆ చిట్కా 32 బిట్ల వరకే పనిచేస్తుంది. 214 కోట్ల చిల్లర దాటగానే సంఖ్య మైనస్‌లోకి దూకుతుంది. పైసల్లో లెక్కపెట్టే మండీకి అంటే రెండు కోట్ల పద్నాలుగు లక్షల చిల్లర రూపాయల వ్యాపారం, సీజనులో పెద్ద మాట కాదు.

మ్యాథ్.మ్యాక్స్, మ్యాథ్.మిన్ అమాయకంగా కనిపిస్తాయి. ఇచ్చిన సంఖ్యల్లో పెద్దది ఒకటి, చిన్నది ఒకటి. చిక్కు ఖాళీల దగ్గర. ఆ రోజు మండీ మూసి ఉంది, ధరలేవీ రాలేదు. ఏమీ ఇవ్వకుండా మ్యాక్స్‌ను అడిగితే మైనస్ ఇన్ఫినిటీ అంటుంది. గణితం దృష్టిలో అది సబబే, తర్వాత ఏ సంఖ్య వచ్చినా దానికన్నా పెద్దదే అవ్వాలి కదా. నోటీసు బోర్డు మీద మాత్రం ‘నేటి గరిష్ఠ ధర మైనస్ అనంతం’ అని పడుతుంది. ఇంతకన్నా ప్రమాదం, తప్పు తప్పులా కనిపించని చోట ఉంది. కిలో ధరల జాబితాలో 18, 22 ఉండి, మూడో గడి నల్‌గా (ఖాళీ అని రాసి పెట్టిన గుర్తు) ఉంటే మిన్ సున్నా ఇస్తుంది, నల్‌ను అది సున్నాగా చదువుకుంటుంది కాబట్టి. కాయ ఉచితంగా పోయినట్టు రికార్డు తయారవుతుంది. గడిలో అన్‌డిఫైన్డ్ (అసలు విలువే ఇవ్వలేదన్న గుర్తు) ఉంటే ‘సంఖ్య కాదు’ అనే జవాబు వస్తుంది, అదే నయం, కనీసం అనుమానం పుడుతుంది. జాబితాను జాబితాగానే చేతికిచ్చినా ఇదే జవాబు. మూడు చుక్కలతో విప్పి ఇవ్వాలి.

ఇక తిరుపతిలో డిప్ (లాటరీ) అనే మాటకు వివరణ అక్కర్లేదు. సుప్రభాతం, తోమాల, అర్చన వంటి శ్రీవారి ఆర్జిత సేవలకు ఎలక్ట్రానిక్ డిప్‌లో పేరు వచ్చిందా లేదా అని ఫోను పట్టుకుని చూసుకోని కుటుంబం ఊళ్లో తక్కువ. ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థికి అలాంటి చిన్న డిప్ రాయడం మంచి అభ్యాసం. పది పేర్లు, ఒక టికెట్టు.

మ్యాథ్.ర్యాండమ్ సున్నా నుంచి ఒకటి లోపు ఏదో ఒక దశాంశ సంఖ్య ఇస్తుంది. సున్నా రావచ్చు, ఒకటి ఎప్పుడూ రాదు. దాన్ని 1 నుంచి 10 దాకా సంఖ్యగా మార్చాలి. మొదటిసారి రాసేవారికి సహజంగా తట్టేది: 9తో గుణించి, రౌండ్ చేసి, ఒకటి కలపడం. జవాబులన్నీ 1కీ 10కీ మధ్యే వస్తాయి, పదిసార్లు నడిపి చూస్తే అంతా బాగానే ఉంటుంది. కానీ 1 రావాలంటే గుణకారం సున్నా నుంచి 0.5 లోపు పడాలి, 2 రావాలంటే 0.5 నుంచి 1.5 లోపు. మొదటి పేరుకు అర అడుగు జాగా, రెండో పేరుకు అడుగు. చివరి పేరుకూ అర అడుగే. శాతాల్లో చెబితే రెండు కొసల వారికి 5.56 చొప్పున, మధ్య ఎనిమిది మందికి 11.11 చొప్పున. అక్షరక్రమంలో రాసిన జాబితా అయితే అచ్యుతరావుకూ హేమలతకూ అవకాశం సగమే, అదీ పేరు పెట్టిన పాపానికి. 10తో గుణించి, ఫ్లోర్ చేసి, ఒకటి కలిపితే అందరికీ పదేసి శాతం. మండీలో రైతుకు కిలో కోసిన ఫ్లోరే ఇక్కడ న్యాయం చేస్తుంది. ఫంక్షన్‌కు మంచీ చెడూ లేవు, ఏ ప్రశ్నకు దాన్ని జవాబుగా పెట్టామన్నదే చూడాలి.

ఒక్కరిని తీయడం కాక మొత్తం జాబితాను కలిపేయాలంటే పొరపాటు మరింత లోతుగా దాక్కుంటుంది. 2010లో ఐరోపాలో మైక్రోసాఫ్ట్ సంస్థ వినియోగదారులకు బ్రౌజర్లను యాదృచ్ఛిక వరుసలో చూపాల్సి వచ్చింది. దానికి జావాస్క్రిప్ట్‌లోని వరసపెట్టే ఫంక్షన్‌కు, పోల్చమన్న ప్రతిసారీ ర్యాండమ్‌తో తోచిన జవాబు చెప్పే పద్ధతి వాడారు. వరసలు సమానంగా రావడం లేదని బయటివారు లెక్కగట్టి చూపాక దాన్ని మార్చారు. వరసపెట్టే పద్ధతి పోలికలు నిలకడగా ఉంటాయని నమ్ముతుంది. అడిగినప్పుడల్లా మాట మార్చే సాక్షిని పెడితే తీర్పు ఎటో ఒక వైపు ఒరుగుతుంది.

ప్రతి పేరునూ జాబితాలో ఏదో ఒక స్థానంతో మార్చుకుంటూ పోదామన్న ఆలోచన కూడా చూడటానికి న్యాయంగానే ఉంటుంది. మూడు పేర్లతో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మూడు మార్పిళ్లు, ఒక్కోదానికి మూడు దారులు, మొత్తం 27 దారులు. మూడు పేర్లకు సాధ్యమైన వరసలు 6. 27ను ఆరుగురికి సమానంగా పంచడం ఎవరి తరమూ కాదు. కొన్ని వరసలకు ఐదేసి, కొన్నింటికి నాలుగేసి దారులు పడతాయి. గణాంక శాస్త్రవేత్తలు ఫిషర్, యేట్స్ 1938లో చెప్పిన పద్ధతిలో ఒకసారి స్థానం ఖాయమైన పేరును మళ్లీ కదపరు. మొదట మూడు దారులు, తర్వాత రెండు, చివర ఒకటి. గుణిస్తే సరిగ్గా 6. కోడు రాస్తే నాలుగైదు వరుసలే.

ఇంత చేసినా నిజమైన డిప్‌కు మ్యాథ్.ర్యాండమ్ తగదు. అది ఏ పద్ధతిలో సంఖ్యలు పుట్టించాలో ప్రమాణం చెప్పదు, బ్రౌజర్ ఇష్టం. క్రోమ్ బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపే వీ8 ఇంజను పాత పద్ధతి నాసిగా ఉందని తేలాక 2015 చివర్లో దాన్ని మార్చుకుంది. కొత్తది మెరుగే గానీ, వరుసగా కొన్ని సంఖ్యలు చూసినవారు తర్వాతివి ఊహించగలరు. అందుకే ఓటీపీలకు, టికెట్లకు బ్రౌజర్‌లోనే ఉండే, ఊహించలేని సంఖ్యలిచ్చే క్రిప్టో అనే వసతిని వాడాలి. మరో లోపం మీద అంతగా చర్చ జరగదు. దీనికి విత్తు ఇవ్వడం కుదరదు. విత్తు అంటే ఎక్కడ నుంచి మొదలుపెట్టాలో చెప్పే సంఖ్య. అది ఉంటే, డిప్ ముగిశాక అనుమానం వచ్చిన ఎవరైనా అదే విత్తుతో మళ్లీ నడిపి అవే పేర్లు వస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. మ్యాథ్.ర్యాండమ్‌తో ఆ దారి మూసుకుపోతుంది. చీటీలు వేసిన బిందెను అందరి ముందూ బోర్లించి చూపే పాత పద్ధతికి ఆ ఒక్క విషయంలో ఇప్పటికీ పైచేయే.

కొన్ని ఫంక్షన్లను దాటుకుంటూ పోవచ్చు. 64కు ఘనమూలం కావాలని మూడో వంతు ఘాతం వేస్తే 3.9999999999999996 వస్తుంది, ఘనమూలానికే ఉన్న సీబీఆర్టీని అడిగితే చక్కగా 4 ఇస్తుంది. వెయ్యి లాగరిథమ్‌ను పది లాగరిథమ్‌తో భాగిస్తే 2.9999999999999996, లాగ్10ను అడిగితే 3. ప్రత్యేకంగా ఫంక్షన్ ఉన్న పనికి దాన్నే వాడటం మంచిది, లేకపోతే ఫ్లోర్ ఎదురైనప్పుడు మళ్లీ మామిడి చీటీ కథే.

త్రికోణమితి మాత్రం దాటిపోకూడదు, ఎందుకంటే అక్కడ తప్పు నవ్వు తెప్పించే స్థాయిలో ఉంటుంది. మన బడుల్లో సైన్ 30 అంటే సగం. మ్యాథ్.సైన్‌కు 30 ఇస్తే మైనస్ 0.988 అంటుంది. అది డిగ్రీలు ఎరగదు, రేడియన్లలోనే మాట్లాడుతుంది. డిగ్రీలను పై (π)తో గుణించి 180తో భాగించి ఇవ్వాలి. అప్పుడు సగం దగ్గరికి వస్తుంది.

తిరుపతి అక్షాంశం 13.63 డిగ్రీలు, రేఖాంశం 79.42. చిత్తూరు 13.22, 79.10. భూమి వ్యాసార్ధం 6,371 కిలోమీటర్లుగా తీసుకుని, రెండు ఊళ్ల మధ్య దూరం చెప్పే హావర్‌సైన్ సూత్రాన్ని సైన్, కాస్, వర్గమూలం, ఏసైన్‌లతో రాస్తే సుమారు 57 కిలోమీటర్లు వస్తుంది. డిగ్రీలను మార్చడం మరిచిపోయి అలాగే ఇచ్చేస్తే ఎర్రగుర్తు పడదు, ప్రోగ్రాం ఆగదు. నిబ్బరంగా 2,900 కిలోమీటర్ల పైచిలుకు అని చెబుతుంది. నేరుగా గీత గీస్తే తిరుపతి నుంచి శ్రీనగర్ కూడా అంత దూరం లేదు. దగ్గరి ఊళ్లకు ఇంత తతంగం లేకుండా ఇంకో దారి ఉంది. ఉత్తర దక్షిణాల తేడా దాదాపు 45.6 కిలోమీటర్లు, తూర్పు పడమరల తేడా 34.6. ఈ రెంటినీ మ్యాథ్.హైపాట్‌కు ఇస్తే కర్ణం పొడవు చెబుతుంది, మళ్లీ అదే 57.

అది పక్షి ఎగిరే దూరం. రోడ్డు మీద 70 కిలోమీటర్ల చిల్లర అవుతుంది. బస్సులో కండక్టర్ కొట్టే టికెట్టు రోడ్డు దూరానికే, పైగా ఆ చార్జీని కూడా ఎవరో ఒకరు, ఏదో ఒక వైపు, ఐదు రూపాయల చిల్లరకో పది రూపాయల చిల్లరకో సవరించే ఉంటారు.